రెండో పోర్టు

ఉదయం ఏడుంపావుకు రాజోలు దగ్గరి గ్యాస్ పైపులైను స్టేషన్‌లో ప్రెషర్ పడిపోవడం మొదలైంది. కంప్యూటర్ తెర మీద నలభై ఉన్న అంకె ముప్ఫై ఒకటికి, అక్కణ్ణుంచి ఇరవై ఆరుకు దిగింది. ఆ పైపు, స్టేషన్ ఆపరేటరైన నూకరాజు ఊరి కిందుగా పోతుంది. ఊళ్లో ఆ రోజు పెళ్లి. చర్చి వెనక వంటలకు గాడిపొయ్యిలు వెలిగించారు.

నూకరాజు భార్యకు ఫోన్ చేశాడు.

"ఎలీసమ్మా, పొయ్యిలు ఆర్పించు. మైకులో చెప్పించు. ఎవరూ అగ్గిపుల్ల గియ్యకూడదు."

"వాసనేం రావట్లేదు కదండీ?"

"ఈ గ్యాసుకు వాసనుండదే!"

ఇంజనీరు శివప్రసాద్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అది అతని కంటే పాతది. వెనక కేబుల్ గుచ్చడానికి రెండు సీరియల్ పోర్టులు. పైపు మీటరు నుంచి వచ్చే కేబుల్ మొదటిదాంట్లో ఉంటుంది.

"వాల్వు కట్టేద్దామాండీ?" అన్నాడు నూకరాజు.

"కడితే అవతల కరెంటు ప్లాంటు ఆగిపోతుంది. కంగారు పడకండి. నిన్న పిడుగు పడింది కదా, మొదటి పోర్టు కాలిపోయుంటుంది. అందుకే తప్పుడంకెలు."

"ఒకవేళ పైపే పగిలితేనండీ?"

"రెండో పోర్టుకు మారిస్తే తేలిపోతుంది."

శివప్రసాద్ పోర్టు నంబరు, డేటా వేగం మార్చి టైపు చేశాడు. తెర ఆరి, మళ్లీ వెలిగింది. నలభై. పొద్దున్న డ్యూటీ ఎక్కినప్పుడు చూసిన అంకే. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు. అది కదల్లేదు.

"చూసేరా?"

"ఆయ్. బతికించేరండీ."

నూకరాజు మళ్లీ ఫోన్ చేశాడు. "పొయ్యిలు వెలిగించుకోమను. మా కంప్యూటరే తప్పు చూపించింది."

"మీ పెట్టెకి జ్వరమొస్తే పెళ్లివారు పస్తులుండాలేంటండీ? పప్పు సగం ఉడికి ఆగిపోయింది."

"తగ్గిందిలే జ్వరం."

ఎలీసమ్మ పక్కనెవరో నవ్వారు. పొయ్యిలు వెలిగించుకోవచ్చని మైకులో చెప్పడం ఫోన్లోంచి వినిపించింది.

నూకరాజు ఫోన్ పెట్టేశాడు. మొహం తుడుచుకున్నాడు.

"కేబుల్ రెండోదాంట్లోకి ఎప్పుడు మార్చేరండీ? నేను చూడనేలేదు."

శివప్రసాద్ కీబోర్డు మీంచి చేతులు తీశాడు.

"మీరు మార్చలేదా?"

నూకరాజు కంప్యూటర్ వెనక్కి వంగి చూశాడు. కేబుల్ మొదటి పోర్టులోనే ఉంది. రెండోది ఖాళీ. తెర మీద పొద్దుటి నలభై అలాగే ఉంది.