మడమ మీది పుండు

అత్తగారి మడమ మీది కట్టు విప్పుతూ కోడలు ఊపిరి బిగబట్టింది. గుమ్మం దాటని పాస్టరుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఈ ఇంటికి దేవుని శాంతి కలగాలి" అన్నారు.

"శాంతీ లేదు, పాడూ లేదు అయ్యగారూ. ఈ చీము చూస్తే వాంతొస్తోంది. ఈవిణ్ణి తాకాలంటేనే అసహ్యం. వృద్ధాశ్రమానికి ఉత్తరం రాసివ్వండి, పంపించేస్తాను."

అన్నాక కోడలే బిత్తరపోయింది. నాలుగు నెలలుగా చిరునవ్వు కింద దాచిన మాట అత్తగారి ఎదుటే బయటపడింది.

అత్తగారు మాత్రం పాస్టరుగారినే చూసింది. "తిరిగి లేచొచ్చిన ప్రభువు శిష్యులకు శాంతి అని చెప్పి, ఏం చూపించాడండీ?"

"చేతులు, ప్రక్క... ఆయన గాయాలు."

"దాచుకోలేదుగా. ఇన్నాళ్ళకి ఈ పిల్లా దాచుకోవడం మానేసింది." కోడలి వైపు తిరిగింది. "నాకూ నా కాలంటే అసహ్యమేనే."

కోడలు పక్కనున్న బేసినులో కక్కుకుంది. మూతి తుడుచుకుని మళ్ళీ మడమ పట్టుకుంది. కంపు అలాగే ఉంది. పళ్ళు బిగించి నవ్వాల్సిన పని మాత్రం లేదు.

"మరి ఉత్తరం..." నసిగారు పాస్టరుగారు.

"తర్వాత చూద్దాం. ముందు లోపలికొచ్చి ఆ దూది అందివ్వండి" అంది కోడలు.