చదునైన చోటు

చిట్టి పిడికిలి మీద బాల్‌పెన్నుతో ఏడు వలయాలు.

గీసింది ఆఫీసులో మ్యాపులు గీసే పెద్దాయన. చిట్టి ఆ సర్వే ఆఫీసులో పని నేర్చుకోవడానికి చేరి అది మూడో రోజు.

"ఇప్పుడు వేళ్ళు చాపు," అన్నాడాయన.

కణుపుల చుట్టూ ఉన్న వలయాలు సాగి చేతి వెనక పరుచుకున్నాయి.

"కొండను కాగితం మీద పడుకోబెట్టడమంటే ఇంతే. ఒక్కో గీత ఒక్కో ఎత్తు. గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటుంటే నిటారు. ఎడంగా ఉంటే చదును."

ఆ సిరా రెండు రోజులు పోలేదు. ఆమె పోనివ్వలేదు కూడా.

"జీతం బదులు పచ్చబొట్లు పొడుస్తున్నారా అక్కడ?" అంది అక్క.

చిట్టి ఉండేది అక్కాబావల దగ్గరే. ఆ నెలలోనే బావ ఒక స్థలం చూశాడు. ఊరి చివర, కొండ కింద. కొనాలో వద్దో తేలక ఒక సాయంత్రం ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం సర్వేయరమ్మా, మాకూ కాస్త జాతకం చూసి పెడతావా?"

ఆమె లోపలికి తీసుకెళ్ళి గీతల మ్యాపు పరిచింది. వాగు వెంబడి వంతెన దాకా వచ్చి, అక్కడి నుంచి కుడికి తిరిగి, స్థలం మీద వేలు పెట్టింది. కొండ మీద దువ్విన జుట్టులా ఒత్తుగా దిగిన గీతలు అక్కడికి వచ్చేసరికి బాగా విడిపోయాయి.

"చదును, బావా. అరచేయిలా ఉంది. వాగు పొంగినా అందదు."

"అంతేనా?"

"అంతే."

బావ మర్నాడే మాట ఇచ్చేసి వచ్చాడు. పన్నెండేళ్ళలో ఐదు అద్దె ఇళ్ళు మారిన అక్క, వంటింటి కిటికీ మాత్రం కొండవైపే ఉండాలని పట్టుబట్టింది.

"మా మరదలు మ్యాపు చూసి తేల్చిన స్థలం," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు బావ.

తన గురించి ఇంకొకరు గొప్పగా చెప్పుకోవడం చిట్టికి అదే మొదలు.

రెండు నెలల తర్వాత పెద్దాయన రంగుల మ్యాపు తెరిచాడు.

"ఇప్పటిదాకా నేల ఎంత ఎత్తుందో చదివావు. ఆ నేల దేనితో అయిందో ఇది చెబుతుంది. గులాబీ రంగు గట్టి రాయి. పసుపు వాగు తెచ్చిన ఇసుక."

కొత్త మ్యాపు చేతికొస్తే ఎవరైనా ముందు తమ ఇల్లే వెతుక్కుంటారు. చిట్టి వేలు వంతెన దాటి కుడికి తిరిగింది.

అక్కడ గులాబీ లేదు, పసుపు లేదు. నిండా చిన్న చిన్న త్రికోణాలు.

"ఇదేంటి సార్?"

"జారిన కొండ." ఆయన పెన్సిలుతో ఇంకొంచెం పైన, గుర్రపు నాడాలా వంగిన గీతలు చూపించాడు. "ఇక్కడ ఊడింది. కిందికొచ్చి పరుచుకుంది. అందుకే అంత చదును."

"ఎప్పుడు?"

"ఎవరూ రాసిపెట్టలేదు."

"మళ్ళీ జారుతుందా?"

"పైన మిగిలింది చూడు. పెద్ద వానలు పడితే రావచ్చు, రాకపోనూ వచ్చు. నేనైతే అక్కడ గొడ్లపాక కూడా వేయను."

ఆమె వేలు తీయలేదు.

"ఎవరిదమ్మా ఆ స్థలం?"

"మా అక్కవాళ్ళది."

"చూసి చెప్పిందెవరు?"

ఆమె ఇప్పుడు వేలు తీసేసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సగం ఉత్తరం చదివి జవాబు రాసేశావు. రెండో సగం ఉందని నేనైనా చెప్పాల్సింది. వెళ్ళు. ఈ పూటకి సెలవు పెట్టుకో."

స్థలంలో పునాదులు తవ్వుతున్నారు. అక్కాబావలు దగ్గరుండి చూసుకుంటున్నారు. మేస్త్రీ విసుగ్గా ఉన్నాడు.

"ఇదేం నేలమ్మా? ఒకచోట గునపం దిగదు. జానెడు పక్కన వేస్తే సగం దాకా దిగబడుతుంది. నిలువెత్తు లోతులో ఇదిగో, ఇది తగిలింది."

గుంత అంచున ఒక చెట్టు మొద్దు. బెరడు ఇంకా ఊడలేదు.

"స్థలంతో పాటు కట్టెలు ఉచితం," అన్నాడు బావ. "ఏం చిట్టీ, ఇది నీ మ్యాపులో లేదా?"

"ఉంది బావా."

నవ్వుతూనే ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వు ఆపేశాడు.

చెప్పింది. కొండ, అది ఊడిన చోటు, త్రికోణాలు. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు.

"చదును అన్నావు కదే?"

"చదునే బావా. ఎందుకు చదునో చూడలేదు."

అక్క ఇటుకల మీద కూలబడింది. తిడుతుందనుకుంది చిట్టి.

"అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది అక్క.

బావ కొండకేసి తిరిగాడు.

"మేస్త్రీ, పని ఆపెయ్."

తర్వాత ఇటు తిరగకుండానే అన్నాడు. "నీ మాట చెప్పి ఇంకో ముగ్గురి చేత ఇక్కడే స్థలాలు కొనిపించాను చిట్టీ. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని..."

"నువ్వుండు బావా. నేను వెళ్తా."

పక్క స్థలంలో గోడలు అప్పటికే కిటికీల ఎత్తు లేచాయి. ఒకావిడ రబ్బరు గొట్టం పట్టుకుని వాటిని తడుపుతోంది, ఒక్క ఇటుక కూడా వదలకుండా.

"మ్యాపు చదివే అమ్మాయివి నువ్వేనా?" అంది ఆవిడ, ముఖం నిండా నవ్వుతో. "మీ బావ రోజూ నీ మాటే!"

"నేనేనండీ," అంది చిట్టి. "ఆ కుళాయి ఒక్కసారి కట్టేస్తారా?"