పదకొండో పేరా

ఎవరూ తలుపు తట్టలేదు. బయటి నుంచి తాళం తిరిగింది.

వంటింట్లో కూర తరుగుతున్న తండ్రి చెయ్యి కడుక్కునేలోపే ఇంటి ఓనరు హాల్లోకి వచ్చేశాడు. చేతిలో ఎప్పటిలాగే టార్చిలైటు. పట్టపగలు టార్చి వేసి గోడల మీద గీతలు వెతికే మనిషి కాబట్టి తండ్రీకూతుళ్ళు ఆయనకి ఆ పేరే పెట్టుకున్నారు.

"ఆ గదిలోకి వద్దండీ. అమ్మాయి నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంది" అన్నాడు తండ్రి, అడ్డం వెళ్ళి.

టార్చిలైటు ఆయన్ని తప్పించుకుని తలుపు తోశాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి, దుప్పటి మెడదాకా లాక్కుంది. ఆయన ఆ పిల్ల వంక చూడనైనా లేదు. కిటికీ వంక చూశాడు. గదిలో మనిషే లేనట్టు తిరగడం తండ్రికి ఇంకా అవమానంగా తోచింది.

కిటికీ బోల్టు వదులైందన్నాడు. సింకు పగలగొట్టారన్నాడు. అది వీళ్ళు ఇంట్లో దిగకముందు నుంచీ ఉన్న పగులు. బాత్రూం గోడకి చెమ్మ వీళ్ళు నీళ్ళు ఎక్కువ వాడటం వల్లేనట. మనుషులన్నాక నీళ్ళు వాడరా అని తండ్రి అడిగాడు. అంతే, అడ్వాన్సులో పైసా రాదనీ, ఇంకా ఎదురివ్వాలనీ, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలనీ తేల్చేసి వెళ్ళిపోయాడు.

కూతురు ఏడవలేదు. ఏడ్చినా కొంత నయంగా ఉండేది.

"ఇంకొక్కసారి వాడు నా గదిలోకొస్తే నేను హాస్టల్‌కి వెళ్ళిపోతా నాన్నా. నీ సంగతి నువ్వు చూసుకో" అంది.

ఆయన కళ్ళు మసకబారి పని మానేసి మూడేళ్ళయింది. భార్య పోయాక మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. ఆ పిల్ల కూడా గడప దాటితే ఇక ఆయనకంటూ ఎవరూ లేరు.

మర్నాడు కూతురు డ్యూటీ నుంచి వచ్చి పడుకోగానే, ఒప్పందం కాగితాలు సంచిలో పెట్టుకుని రెండు వీధుల అవతలున్న లాయరమ్మ దగ్గరికి పరుగుపెట్టాడు.

లాయరమ్మ అంతా ఓపిగ్గా వింది. చట్టం మీ వైపే ఉంది పెద్దాయనా అంది. ఓనరయినా సరే, చెప్పకుండా ఇంట్లోకి రావడానికి వీల్లేదట. వాడకంలో అరిగినదానికి అద్దెకున్నవాళ్ళు పూచీ కాదట. పాత పగులుకి అసలే కాదట. ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కాగితాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

పదకొండో పేరా దగ్గర ఆవిడ వేలు ఆగింది. పైకే చదివింది.

"యజమాని తనకు వీలైన ఏ వేళనైనను, ముందుగా తెలుపకయే, ఇంటిలో ప్రవేశించి తనిఖీ చేయవచ్చును. నష్టమెంతో యజమాని నిర్ణయించినదే అంతిమము. దానిని ప్రశ్నించు హక్కును అద్దెదారు మనస్ఫూర్తిగా వదులుకొనుచున్నాడు."

కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"హక్కు మీకుంది. కానీ దాన్ని మీ సంతకంతో మీరే వదిలేసుకున్నారు. చదవకుండా ఎలా సంతకం పెట్టారండీ?"

ఆయన తల దించుకున్నాడు. చదవలేదని మెల్లగా ఒప్పుకున్నాడు. ఏదో ఒక దారి చూడమ్మా అని, కూతురంత పిల్లకి రెండు చేతులూ జోడించాడు.

ఆవిడ బీరువాలోంచి నాలుగు ఫైళ్ళు తీసి ముందు పడేసింది. అన్నీ ఇలాంటి గొడవలే. అన్నిట్లోనూ అదే పేరా, అక్షరం పొల్లు పోకుండా. ఊళ్ళో ఓనర్లంతా ఒకరి దగ్గర ఒకరు కాపీ కొట్టుకుంటున్నారనీ, ఇంతవరకూ ఒక్క కేసులోనూ తను దాన్ని దాటలేకపోయాననీ చెప్పింది.

అప్పుడే ఆయన ఫోను మోగింది.

"మళ్ళీ వచ్చాడు నాన్నా. నేను బ్యాగు సర్దుకుంటున్నా" అని కూతురు పెట్టేసింది.

ఆ మాట లాయరమ్మకీ వినపడింది.

"ఈ పేరా రాసినవాడెవడో గానీ, వాడికీ ఒక కూతురుండి, వాడూ అద్దెకొంపలో ఉంటే తెలిసేది" అంది కసిగా.

ముప్పై ఏళ్ళ కిందట, రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల పక్కన దస్తావేజులు రాసుకునే రోజుల్లో, ఒక ఇంటి ఓనరు చేత శభాష్ అనిపించుకోవడానికి ఆ పేరాని తన చేత్తోనే కూర్చి, ఆ తర్వాత వేలమందికి రాసిచ్చిన ఆయనకి, సంతకం పెట్టేముందు దాన్ని చదవాల్సిన అవసరం కనిపించలేదు.