దడిలో కంత

“పుంజును బయటికి తియ్యి అక్కా! లేకుంటే ఇయాల్టి సంది నీకు నాకు మాటల్లేవ్!”

హఫీజా బేగం దడిని రెండు చేతులా పట్టి ఊపింది. తుమ్మ గుంజలు కదల్లేదు కానీ, వాటి మధ్య అల్లిన కందికట్టె కొంచెం రాలింది. అవతలి వాకిట్లో ఉల్లిగడ్డలు కోస్తున్న మాణిక్యమ్మ కత్తిపీట వదిలి లేచింది. ఆమె పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. ఆ వాసన దడి దాటి వచ్చి హఫీజాకు పుండు మీద కారం చల్లినట్టు ఉంది.

“ఎవల పుంజే?” అంది మాణిక్యమ్మ.

“గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేచినవ్ గద, నీకే ఎరుక! మా ఎర్ర పుంజు. గదువ కింద ఏలాడే తోలు రెండుగ చీలింది సూడు, గది. పొద్దుగాల నుంచి కనిపిస్తలేదు.”

“ఈ దడి ముల్లు గీరుకునే చీలింది, పసుపు పెట్టింది నేనే. నాకు తెల్వదా? నీది చీలిన తోలుది, నాది మంచి తోలుది. నేను కోయిపిచ్చింది నాదాన్నే. గంప కింద చెయ్యి పెట్టి నా చేతులతోని తీసిన.”

“ఎప్పుడు తీసినవ్?”

“మబ్బులనే, ఇంక తెల్లారకముందే. కరెంటు లేకుండె. అయితే ఏంది? నా గంపల నా పుంజు గాక నీ పుంజు ఉంటదా?”

గల్లీలో జనం పోగయ్యారు. వాళ్ల వెనక మన్నెగూడ నుంచి వచ్చిన సిమెంటు పలకల బండి నిలబడి ఉంది. దాన్ని తెప్పించింది మాణిక్యమ్మ కొడుకు మహిధర్. ఆదిభట్ల కంపెనీలో పని చేసే అతనికి ఈ కట్టెల దడిని చూస్తే నామోషీ. పీకేసి గోడ పెడదామంటే, ‘హఫీజా ఊ అంటేనే’ అని తల్లి అడ్డం పడుతూ వచ్చింది. ఈ రోజు ఎలాగైనా ఒప్పించాలని బండితో సహా దిగాడు. ఇంతలో ఈ పంచాయితీ దేవుడిచ్చిన వరంలా దొరికింది.

“గందుకే గోడ అంటున్న చిన్నమ్మా. గోడ ఉంటే మీ కోళ్లు మీ దిక్కు, మా కోళ్లు మా దిక్కు,” అన్నాడు.

“పెట్టుకో! ఆ గిన్నెల ఉన్నది నా పుంజే అని తేలితే ఇప్పుడే పెట్టుకో!” అంది హఫీజా.

అన్నాక ఆమె కళ్లు దడి నడుమకు పోయాయి. ఆ దడిలో నడుమెత్తున ఒక కంత ఉంది. ఏటేటా ఆమె భర్త అబ్దుల్ కరీం కొత్త కట్టె అల్లేటప్పుడు ఆ ఒక్కటీ మూయకుండా వదిలేస్తాడు. సేమ్యా గిన్నె, పప్పు గిన్నె, కష్టం, సుఖం అన్నీ అందులోంచే నడుస్తాయి. గోడకు ఎవరూ కంత పెట్టరు.

ఈ గోలకు కరీం లోపలి నుంచి మీసం దువ్వుకుంటూ వచ్చాడు. గల్లీలో ఎవరి ఇంట్లో కోడి కోయాలన్నా ఆయన చెయ్యే పడాలి.

“అక్క పుంజును కోసింది నేనే. గల్లీల కోళ్లన్నీ నాకు ఎరుక. నా పుంజు మెడ మీద నేనే కత్తి పెడ్తనా? నేనేమన్న గుడ్డోన్నా?” అన్నాడు.

“కండ్లద్దాలు పెట్టుకున్నవా?” అంది హఫీజా.

“కోడిని కోయనీకి అద్దాలెందుకే!”

మహిధర్ అందుకున్నాడు. “కొట్లాట ఎందుకు? కోసినోళ్లకు తలకాయ ఇచ్చుడు మన రివాజు. తలకాయ మీ ఇంట్లనే ఉంటది. చూస్తే తేలిపోతది.”

“పో, చూసి రా. మాకేమన్న భయమా!” అంది మాణిక్యమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని.

హఫీజా విసవిసా వంటింట్లోకి వెళ్లి, తలకాయ ఉన్న గిన్నె మీది మూత తీసింది. ఎర్రటి తోలు. నట్టనడుమ చీలిక. చీలిక అంచున ఇంకా పసుపు.

ఆమెకు ఏడుపొచ్చింది. పుంజు పోయిందని కాదు. ఉన్నది ఉన్నట్టు చెబితే అక్క దొంగవుతుంది. మొగుడు గుడ్డివాడవుతాడు. రెండిళ్ల నడుమా గోడ లేస్తుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మూత గట్టిగా నొక్కి బయటికి వచ్చింది.

“తప్పు నాదే అక్కా. తోలు మంచిగనే ఉంది. గది నీ పుంజే. మాది ఏడనో మేస్తుంటది, వస్తది.”

“చెప్పలే? నా పుంజు నాకు తెల్వదా?” మాణిక్యమ్మ గెలిచినట్టు గల్లీ అంతా కలియజూసింది.

సరిగ్గా అప్పుడే ఆమె గడ్డివాము వెనక నుంచి ఎర్ర పుంజొకటి టపటపా ఎగిరి దడి మీద వాలింది. గదువ కింద తోలు నిండుగా, చిన్న గీతైనా లేకుండా ఊగుతుండగా, మెడ సాచి కొక్కొరొకో అని కూసింది.

మాణిక్యమ్మ పుంజు వంక చూసింది. హఫీజా వంక చూసింది. హఫీజా తల దించుకుంది. కరీం చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

మాణిక్యమ్మ పుంజును ఒడుపుగా కాళ్లు పట్టి దించి, కంతలోంచి హఫీజా చేతికి అందించింది.

“పట్టుకో చెల్లె. మీ పుంజు దొరికింది.”

“అమ్మా, దాని తోలు చీలలేదు గదనే?” అన్నాడు మహిధర్.

“చీలింది, మానింది! నువ్వు ముందుగాల ఆ బండిని వాపస్ పంపు.”