పిట్టకు చింగం

కాకి ముట్టలేదు.

విస్తరిలో అన్నం ఉంది, మటన్ కూర ఉంది, దొప్పలో కల్లు ఉంది. పోయిన పిల్లాడు పర్వతాలుకు ఇష్టమని ఆలేరు స్టేషన్ దగ్గరి మిర్చి బజ్జీలు కూడా తెచ్చిపెట్టారు. మూడోనాడు పూడ్చిన బొంద మీద పెట్టిన తిండిని పిట్ట ముడితేనే, పోయినవాడు తృప్తిగా పోయినట్టు. తుమ్మ చెట్టు మీద రెండు కాకులు అలిగిన వియ్యంకుల్లా అటు తిరిగి కూర్చున్నాయి. పొద్దున్నుంచీ అంతే. ఎండ ముదిరింది.

"పిట్ట ముట్టేదాక నేను మంచినీళ్ళు గూడ ముట్ట" అంది పర్వతాలు తల్లి గోవిందమ్మ.

ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయినప్పటి నుంచి ఆమె మెతుకు ముట్టలేదు. ఇప్పుడు నీళ్ళు కూడా వద్దంటోంది. పెదవులు ఎండి పగిలాయి. ఇంకో పూట ఇలాగే గడిస్తే ఈమె కూడా కొడుకు పక్కకే చేరుతుందని అక్కడున్న వాళ్ళందరికీ భయంగా ఉంది.

"గట్ల పట్టువట్టకు చెల్లె" అన్నాడు ఆమె అన్న బాలయ్య. "వానికేదో కోరిక మిగిలింది. ఏం మర్సిపోయినమో జర యాదిజేసుకోన్రి. బీడి పెట్టిన్రా?"

"వాడు బీడి తాగడన్నా."

వెనక నిలబడ్డ బషీర్ గొంతు సవరించుకున్నాడు. పర్వతాలూ అతనూ ఒకే సైకిల్ షాపులో పంచర్లు వేసేవాళ్ళు. తినడం, తిరగడం, తిట్లు పడడం అన్నీ కలిసే. అతన్ని 'బషీర్‌గా' అని పిలిచేది పర్వతాలు ఒక్కడే.

"పెద్దమ్మా, ఏమనుకోకు. వానికి చింగం అంటే పాణం."

"చింగమా? గదేంది బిడ్డా?"

ఎనభై ఆరు నాటికి ఆ మాట రైలెక్కి ఆలేరు దాకా వచ్చింది కానీ, వీళ్ళ ఊరికి ఇంకా చేరలేదు.

"మిఠాయి అసొంటిది. నములుతం."

"నమిలి?"

"నములుతనే ఉంటం."

"మింగరా?"

"మింగొద్దు పెద్దమ్మా. తీపంత పోయినంక ఊంచేస్తం."

గోవిందమ్మ బొంద వైపు చూసింది. కొడుకు ఎప్పుడు చూసినా దవడలు ఆడిస్తుంటే వక్కపలుకు మరిగాడనుకుని ఎన్నిసార్లు తిట్టిందో! "అది చింగమా?" అంది మెల్లగా. కన్నకొడుకు గురించి తనకు తెలియని సంగతి ఒకటి ఇప్పుడు, ఇక్కడ తెలిసినందుకు ఆమెకు కొత్తగా ఏడుపొచ్చింది.

బాలయ్య మాత్రం ఒప్పుకోలేదు. "మింగనిది తిండెట్లయితది? పిట్ట దాన్ని మింగితే పేగులు అతుక్కపోతయి. పిట్ట సచ్చిందనుకో, మరి వీడు ఎటువోవాలె? ఇటు బొందల లేకపాయె, అటు మీదికి పోకపాయె!"

ఈ ధర్మసందేహంతో అక్కడున్న పెద్దలందరూ తలలు గోక్కున్నారు. ఆచారాలు పెట్టినవాళ్ళ కాలంలో చింగం లేదు మరి.

"పెట్టనియ్యన్నా" అని గోవిందమ్మ బతిమాలింది. "బతికున్నప్పుడు తిట్టిన. ఇప్పుడన్న వాని నోట్లె పడనియ్యి."

బషీర్ జేబులో ఒకటి ఉంది. దవాఖానలో ఉన్న పర్వతాలుకు ఇద్దామని కొన్నాడు, ఇచ్చే వేళకు మనిషి లేడు. కాగితం విప్పి, గులాబి రంగు ముక్కను అన్నం పక్కన పెట్టాడు.

"మనం చూస్తుంటే రాదు. అందరు మర్లి నిలబడున్రి" అన్నాడు బాలయ్య.

అందరూ బొందకు వీపు పెట్టి నిలబడ్డారు. గోవిందమ్మ ఒక్కతే నిలబడే ఓపిక లేక బొంద పక్కనే కూలబడింది.

గాలి ఆగిపోయింది. రెక్కల చప్పుడు కోసం బషీర్ చెవులు రిక్కించాడు. ఏ చప్పుడూ లేదు. అంతలో చింగం తీపి వాసన అతని ముక్కుకు గుప్పుమని తగిలింది. ఎవరో దగ్గరగా నిలబడి నములుతున్నట్టుంది. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తిరిగి చూద్దామనుకున్నాడు గానీ ధైర్యం చాల్లేదు.

చివరికి బాలయ్యే తిరిగాడు. అన్నం అన్నంలాగే ఉంది. బజ్జీలూ, మటనూ ఉన్నాయి. చింగం లేదు.

"ముట్టింది! పిట్ట ముట్టిందిరో!"

ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడ్చారు. మగవాళ్ళు కండువాలతో ముఖాలు తుడుచుకున్నారు. కాకులు రెండూ ఇంకా తుమ్మ కొమ్మ మీదే ఉన్నాయని బషీర్ చూశాడు. చెబుదామా అనుకున్నాడు. అందరి గుండెల మీది బండ దిగిన వేళ ఆ మాటెందుకని ఊరుకున్నాడు.

బాలయ్య చెంబు తీసుకొని చెల్లెలి ముందు కూర్చున్నాడు. "ఇగ ఫికర్ లేదు. నీ కొడుకు సంతోషంగ పోయిండు. జర నీళ్ళు తాగు చెల్లె."

గోవిందమ్మ తల అడ్డంగా ఊపింది. నోరు తెరవలేదు.

"ఇంకేందే? నోరు తెరువు."

ఆమె మెల్లగా తలెత్తింది. కళ్ళలో ఏడుపు లేదు. పగిలిన పెదవుల మధ్య గులాబి రంగు బుడగ ఒకటి పుట్టింది. పెరిగింది. ముఖమంత అయ్యి, టప్పున పగిలింది. మూతికి అంటుకున్నదాన్ని ఒడుపుగా నాలుకతో లోపలికి లాక్కుని, ఆమె అన్నను దాటి బషీర్ వైపు చూసింది.

"ఇంకోటి ఉన్నదారా, బషీర్‌గా?"