నాలుగో నంబరు బోయా

“నాన్న పరుపేదిరా?”

వెనక గదిలో మంచం బోసిగా ఉంది. అక్క ఆ పరుపును తన ఇంటికి తీసుకుపోదామని బండి మాట్లాడుకుని మరీ వచ్చింది.

దర్జీ కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. “కోశానక్కా.”

“ఏం కోశావు?”

“పరుపు. సాయంత్రం చెరువులో రిమోట్ పడవల పందెం. ఎక్కడ మలుపు తిరగాలో తెలియడానికి నీళ్ళ మీద బోయాలు తేలుతూ ఉండాలి. అవి కొనాలంటే పడవల క్లబ్బునే అమ్ముకోవాలి. ఫోమ్ ముక్కలు కోసి, ప్లాస్టిక్ చుట్టి, పైన రెయిన్‌కోటు గుడ్డతో తొడుగు కుట్టేస్తే సరిపోయె.”

గోడవారన ఆరు నారింజ రంగు బోయాలు. ఒక్కొక్కదానికి ఒక తాడు, తాడు చివర ఇటుక ముక్క, ఒంటి మీద నంబరు.

అక్క గోడకు ఆనుకుని కూలబడింది. “నాన్న పోయి నెల కాలేదు. ఆయన పడుకున్న చోట గుంట ఉండేదిరా అందులో. ఆ గుంట కోసం వచ్చాను.”

“ఎవరూ పడుకోని పరుపు కదా అని...”

“ఎవరూ పడుకోకూడదనే కదా ఉంచింది. అసలు నీకు నిద్రెలా పడుతోందిరా?”

“మొదటి వారం కన్నంటుకోలేదు. తరవాత ఏమైందో, పడుకుంటే తెల్లారడమే.” చెప్పాక అతనే సిగ్గుపడ్డాడు.

అక్క కత్తెర అందుకుంది. “ఏ ముక్కలో ఉంది గుంట?”

అతనికి తెలియదు. అక్క ఒక్కో తొడుగు కుట్టు విప్పసాగింది. ఒకటోది చదును. రెండోదీ చదునే. మూడోది విప్పుతుంటే క్లబ్బు కార్యదర్శి గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడూ తెల్ల టోపీ పెట్టుకుంటాడని వీధంతా ఆయన్ని అడ్మిరల్ అంటారు.

“కుట్టమంటే విప్పిస్తున్నావేమయ్యా? నాలుగింటికి పందెం.”

“మా నాన్నను వెతుకుతున్నాం,” అంది అక్క.

అడ్మిరల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

నాలుగోదానిలో దొరికింది. ఫోమ్ ఒక పక్క నొక్కుకుపోయి, అరచెయ్యి పట్టేంత పల్లంగా ఉంది. అక్క అందులో చెయ్యి పెట్టి చూసింది.

“భుజం. కుడి భుజం. కుడిపక్కకే తిరిగి పడుకునేవాడు.”

దర్జీ కూడా చెయ్యి పెట్టాడు. మెడలోని టేపు తీసి, మడిచి, పక్కన పెట్టి, అప్పుడు ఏడ్చాడు.

“ఇది నీళ్ళలోకి వెళ్ళదు,” అంది అక్క.

“ఐదు బోయాలతో పందెం నడవదమ్మా.”

“పడవలు దీన్ని గుద్దవా?”

“గుద్దితే అదనంగా ఒక రౌండు తిరగాలి. అది శిక్ష.”

“మా నాన్న భుజం గుద్దితే ఒక్క రౌండా?”

“రెండు చేద్దాం.”

“మరి క్షమాపణ?”

“పడవ ఆపి, రెండడుగులు వెనక్కి నడిపి, అప్పుడు కదలాలి. నియమాల్లో రాయిస్తాను.”

“ఎండలో వెయ్యకండి. ఆయనకు ఎండ పడదు.”

“గట్టు పక్కన చెట్టు నీడ ఉంది.”

“ఇటుక బదులు మెత్తటిదేదైనా కట్టకూడదూ?”

“మెత్తటిది కడితే కొట్టుకుపోతారమ్మా,” అన్నాడు అడ్మిరల్ గౌరవంగా.

పందెం అవగానే నాలుగో నంబరు అక్క ఇంటికి చేరాలని ఒప్పందం కుదిరింది. దర్జీ విప్పిన మూడింటినీ మిషను మీద కుట్టి, నాలుగోది మాత్రం చేత్తో, సన్నటి కుట్టుతో కుట్టాడు. అడ్మిరల్ ఐదింటిని గోనెసంచిలో కుక్కి, నాలుగోదాన్ని మాత్రం రెండు చేతులా అందుకున్నాడు.

అప్పుడే దర్జీ భార్య పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చింది. ముగ్గురి మొహాలూ చూసింది.

“ఏమైంది వదినా?”

“మీ మామయ్యగారి భుజం,” అంది అక్క, బోయా మీద చెయ్యి వేసి. “నీ మొగుడు వెనక గదిలోని పరుపు కోసి పడేశాడు.”

ఆమె వెనక గదిలోకి తొంగి చూసింది. తిరిగొచ్చి, భుజాన ఉన్న సంచి దించి, మొగుడివైపు తిరిగింది.

“మీకు నిద్ర పట్టడం లేదని మూడు వారాల కిందటే మీ పరుపూ మామయ్యగారి పరుపూ మార్చి, గలేబులు అటుదిటు, ఇటుదటు తొడిగాను. ఆ భుజం తమరిది. తమరు రోజూ పడుకుంటున్నది మామయ్యగారి గుంటలో.”