గరికయ్య తొలి గూడు

వాగు ఒడ్డున ఈతచెట్టు మీద పీచయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో అతనికి సాటి లేరు, అలక పూనడంలోనూ లేరు. సొంత కొడుకు పుల్లయ్య ఒక్క ముడి వదులుగా వేస్తే చెట్టు అదిరేలా తిట్టి విప్పించేవాడు. అతన్ని మారుమనువు చేసుకున్న నూకాలు తన కొడుకు గరికయ్యను వెంటబెట్టుకొచ్చింది. కొత్తగా పసుపు ఈకలు మొలుస్తున్న ఆ గరికయ్య ఓసారి, "నాకు చెప్పడానికి నువ్వెవరివి?" అనేశాడు. ఆ మాట పీచయ్య మనసులో ముల్లులా దిగబడింది. అప్పట్నుంచి వాడేం అల్లినా, "బాగుంది నాయనా" అని తప్పుకునేవాడు.

గరికయ్య తొలి గూడు కట్టాడు. మర్నాడు ఆడపిట్టలు గూళ్లు చూసి జోడు ఎంచుకోడానికి వస్తాయి. గూడేమో ఒక పక్కకి ఒరిగింది, పైముడి జారిపోతోంది. పీచయ్యకి ముక్కు ఒకటే దురద. అయినా, "బాగుంది నాయనా" అన్నాడు.

గరికయ్య భగ్గుమన్నాడు. "ఏం బాగుంది? రేపు గాలికి వాగులో పడుద్ది. పిట్టలన్నీ నవ్వుతాయి. పుల్లయ్యనైతే తిడతావు! నేను పరాయివాణ్ణనేగా?"

పీచయ్య తెల్లబోయాడు. ఏడాది అలక ఎటు పోయిందో పోయింది.

"ఇది గూడట్రా? కోతి పీకిన పీచులా ఉంది! విప్పు. విప్పమంటే చూస్తావేం? లోపల తడిమట్టి అద్దకుండా గాలికెలా ఆగుద్దనుకున్నావు?"

పొద్దు వాలేసరికి గూడు తిన్నగా, గట్టిగా వేలాడింది. గరికయ్య పక్కకొమ్మ మీది పుల్లయ్యతో గొప్పగా నిట్టూర్చాడు. "మన నాన్నతో వేగలేం అన్నాయ్!"

పీచయ్య విననట్టు తల తిప్పుకుని, "కబుర్లాపి ఆ పీచు అందుకోండ్రా!" అని ఇద్దర్నీ కలిపి కసిరాడు.